లినక్సూ, చిన్నాన్న మెయిన్ స్విచ్చీ

మా చిన్నాన్న ఐదు రోజులు దుకాణానికి రాకుండా ఇంట్లో కూర్చున్నాడు. దానికి కారణం సగం నేను, సగం లినక్సు. చుట్టాలు మాత్రం తప్పంతా నా నెత్తినే వేశారు. లినక్సుకి బరంపురంలో చుట్టాలెవరూ లేరు కదా.

బడా బజార్‌లో మాది దారాలు, లేసులు, బొత్తాలు టోకున అమ్మే దుకాణం. గిరిసోల నుంచి ఖల్లికోట దాకా దర్జీలు మా దగ్గరికే వస్తారు. మా వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడతాం. నాన్నకి నేనొక్కదాన్నే. చిన్నాన్నకి పిల్లల్లేరు. నాన్న పోయాక దుకాణం నా చేతికి వచ్చింది. నాకు నలభై ఏడేళ్ళు. చిన్నాన్న లెక్కలో నేనింకా గుంటనే, అంటే ఆడపిల్లనే.

ఆయనకి డెబ్బై ఆరు. సరుకు తెప్పించడం, దర్జీలతో బేరాలు, గుమాస్తాతో గొడవలు అన్నీ నాకు వదిలేశాడు. ఒక్కటి మాత్రం వదల్లేదు. అది సాయంత్రం మెయిన్ కట్టడం, అంటే మెయిన్ స్విచ్చి ఆపేయడం. ఏడున్నర దాటేసరికి తెల్ల చొక్కా వేసుకుని నడుచుకుంటూ వస్తాడు. దేవుడి పటాల దగ్గర దీపం పెడతాడు. గుమాస్తా తలుపులు, కిటికీలు చూస్తాడు. అందరం బయటికి వచ్చాక చిన్నాన్న ఒక్కడే లోపలికి వెళ్ళి ఇన్వర్టర్ ఆపేసి, గోడ మీది ఎర్ర పిడిని కిందికి లాగి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని వస్తాడు. ఆ తరవాతే షట్టరు దిగుతుంది. నాన్న బతికి ఉన్నప్పుడు కూడా ఆ పిడి ముట్టుకోలేదు. చిన్నాన్నకి ముక్కోటి దేవతలూ ఒక ఎత్తు, ఆ ఎర్ర పిడి ఒక ఎత్తు అని నేను ఎన్నిసార్లు వెక్కిరించానో.

దానికి కారణం లేకపోలేదు. ఆయన కుర్రతనంలో మా పక్కనే ఒక దూది గొడౌను ఉండేది. ఒక రోజు దుకాణాలన్నీ కట్టేశాక వైర్లు కలిసి అది అంటుకుంది. మా గోడ నల్లబడింది. మా సరుకు సగం పోయింది. చిన్నాన్న తెల్లవార్లూ బావి నుంచి నీళ్ళు మోశాడట. ఇదంతా పిన్ని చెప్పగా విన్నదే, ఆయన నోటి వెంట ఎప్పుడూ రాలేదు. ఆయన మెయిన్ కట్టాలని మాత్రం అంటాడు.

ఇక కంప్యూటర్ సంగతి. అది నాన్న కొన్నది. దాంట్లోని పాత సిస్టమ్‌కి కాలం చెల్లిపోయింది. సూరత్ లేసుల వాళ్ళు కొత్త డిజైన్లన్నీ వెబ్‌సైట్‌లో పెట్టి అక్కడే ఎంచుకోమంటారు. మా మిషన్‌లో ఆ సైటు తెరిస్తే, మీ బ్రౌజర్ పాతది, దయచేసి మార్చుకోండి అని మర్యాదగా పొమ్మంటుంది. కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పిలిచాను. ఆయన మిషన్ పెట్టె వైపు, నా వైపు ఒకే రకంగా చూసి, "వయసైపోయింది మేడం, కొత్తది కొనండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు ఎక్కడో చదివాను, పాత మిషన్లకి లినక్సు అనే వేరే సిస్టమ్ ఎక్కిస్తే మళ్ళీ పడుచువి అవుతాయని. పైగా ఉచితమట. వ్యాపారస్తుల ఇంట్లో పుట్టినదాన్ని, ఉచితం అన్న మాట వినబడ్డాక ఇంకేమీ వినబడలేదు. అదే రోజు దుకాణంలో అందరి ముందూ ప్రకటించాను, ఈ మిషన్‌ని నేనే బాగు చేస్తానని. అక్కడితో ఊరుకోకుండా బాగుచేసే ఆయనకి కూడా ఫోన్ చేసి చెప్పాను. వెనక్కి వెళ్ళే దారి నేనే మూసేసుకున్నాను.

మొదట లినక్సుని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పాటలు ఎక్కించినట్టు కాపీ చేసి పెట్టాను. మిషన్ దాన్ని కన్నెత్తి చూడలేదు. రెండు రోజులు పెన్ డ్రైవ్ మంచిది కాదని తిట్టి ఇంకొకటి తెచ్చాను. దాన్నీ చూడలేదు. కాపీ చేయడం వేరట, రాయడం వేరట. రాయడానికి వేరే ప్రోగ్రామ్ ఉందట. ఆ ముక్క మొదటి లైన్లోనే ఉంది. నేను మొదటి లైన్లు చదవను.

తరవాత మిషన్ ఆన్ చేయగానే ఒక మీట నొక్కాలి. ఏ మీటో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. నేను పై వరుస మీటలన్నీ హార్మోనియం వాయించినట్టు వాయించాను. మా గుమాస్తాది గిరిసోల దగ్గర పల్లె. రోజూ రైల్లో వచ్చి వెళ్తాడు. నాన్న కాలం మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. ఆయన కాసేపు చూసి, "అమ్మా, అలా కొడితే దానికి దెబ్బ తగలదేటి?" అన్నాడు. దెబ్బ తగిలి అయినా వింటుందేమోనని నా ఆశ.

పాత డిస్కు తీసేయడానికి మనసొప్పలేదు. నాన్న చేత్తో పెట్టినవన్నీ అందులో ఉన్నాయి. అసలు మా ఇంట్లో ఏదీ పారేసే అలవాటు లేదు. అందుకని చిన్న కొత్త డిస్కు ఒకటి తెప్పించి, పాతదాని పక్కన బిగించి, కొత్తదాంట్లో లినక్సు పెట్టాను. ఇప్పుడు ఒకే పెట్టెలో రెండు కాపురాలు. మిషన్ లేవగానే ఎవరి గుమ్మం తట్టాలో దానికి చెప్పాలి. అది చెప్పడానికి లోపలెక్కడో నీలం తెర ఒకటి ఉంటుంది. అందులోకి వెళ్ళి కొత్త డిస్కుని మొదట, పాతదాన్ని తరవాత పెట్టాలి. నెట్‌లో చూసి ఈ పనులన్నీ వరసగా ఒక పొడుగాటి కాగితం మీద రాసుకున్నాను. మొత్తం పన్నెండు. నీలం తెర పని పదకొండోది.

లినక్సు లేచింది. లేచింది గానీ నెట్ రాలేదు. వైఫై కోసం వెనక గుచ్చిన చిన్న పుల్ల ఉంది కదా, దాన్ని లినక్సు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలంటే దానికి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ దించుకోవాలట. ఆ డ్రైవర్ నెట్‌లో ఉందట. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టుంది వ్యవహారం. ఒక పూటంతా దానితో పోయింది. చివరికి నా ఫోన్‌ని వైరుతో మిషన్‌కి తగిలించి, ఫోన్ నెట్‌తో డ్రైవర్ దించాను. మధ్యాహ్నం నాలుగింటికి సూరత్ సైటు తెరుచుకుంది. గోటా లేసులు, అద్దాల లేసులు, ముత్యాల లేసులు తెర నిండా. నేను కుర్చీలోంచి లేచి గుమాస్తాని పిలిచి చూపించాను. ఎదురు దుకాణం ఒడియా ఆయన్ని కూడా పిలిచి చూపించాను. ఆయన బుర్ర ఊపి, "బఢియా, అపా", అంటే బాగుంది అక్కా, అని వెళ్ళిపోయాడు. నా వరకు ఆ రోజు బరంపురంలో నాకన్నా గొప్పది లేదు.

మర్నాడు పొద్దున్న మిషన్ ఆన్ చేశాను. కుయ్యిమంది. నల్ల తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసి, చివర ఎఫ్-వన్ నొక్కమంది. అది కొన్నేళ్ళుగా రోజూ అలాగే అంటుంది, నేనూ రోజూ నొక్కుతాను. నొక్కాను. నాన్న పెట్టిన జలపాతం బొమ్మతో పాత సిస్టమ్ లేచి కూర్చుంది. లినక్సు లేదు.

ఇక్కడ ఇంకెవరైనా అయితే ఆగి ఆలోచిస్తారు. నేను పెరిగిన ఇల్లు వేరు. మార్గశిర లక్ష్మివారం వ్రతంలో మధ్యలో ఏదైనా తప్పు జరిగితే మిగిలింది పూర్తి చేయడం మా ఇంట్లో లేదు. మళ్ళీ సంకల్పం దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే. నాయనమ్మ ఒకసారి నా తుమ్ముకి మొత్తం పూజ రెండోసారి చేసింది. కాగితం తీసి ఒకటో అంకె మీద వేలు పెట్టాను. పెన్ డ్రైవ్ మళ్ళీ రాశాను. లినక్సు మళ్ళీ ఎక్కించాను. ఫోన్ వైరు, డ్రైవరు, పదకొండు, పన్నెండు. తలస్నానం ఒక్కటే తక్కువ. సాయంత్రానికి మళ్ళీ సూరత్ కనబడింది.

మూడో రోజు పొద్దున్న మళ్ళీ జలపాతం. మళ్ళీ ఒకటి నుంచి పన్నెండు దాకా. నాలుగో రోజూ అంతే. మధ్యాహ్నం భోజనానికి మిషన్ ఆపి వెళ్ళి వస్తే లినక్సు బుద్ధిగా ఉంటుంది. పొద్దునకి మాయమవుతుంది. చీకటి పడ్డాక ఎవరో వచ్చి తుడిచేసి పోతున్నట్టుంది.

ఈ విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో సిద్ధాంతం. గుమాస్తా దిష్టి అన్నాడు, మానిటర్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. ఎదురు దుకాణం ఆయన పొద్దున్నే వచ్చి, "కణ హెలా, అపా?" అని, ఏమైందో వినకుండానే శనీశ్వరుడికి నువ్వుల నూనె పొయ్యమన్నాడు. బాగుచేసే ఆయన ఫోన్‌లో, "ఉచితం కదా మేడం" అన్నాడు. ఆ గొంతులో అంత తృప్తి నేను ఏ పెళ్ళి భోజనాల్లోనూ వినలేదు. నాకు మాత్రం నాన్న మీద అనుమానం. బతికి ఉండగా ఆయనకి కొత్తది ఏదీ నచ్చేది కాదు.

చివరికి నెట్‌లో లినక్సు వాళ్ళు కూర్చునే ఒక చోటికి వెళ్ళి నా గోడు ఇంగ్లీషులో రాసుకున్నాను. మొదట వచ్చినాయన, ఇది ఇక్కడ అడగాల్సిన ప్రశ్న కాదన్నాడు. రెండో ఆయన, నువ్వు పెట్టిన లినక్సు మంచిది కాదు, నా లినక్సు పెట్టుకో అన్నాడు. మూడో ఆయనకి రెండో ఆయన మాట నచ్చలేదు. ఇద్దరూ నా ప్రశ్న మీద చాప పరుచుకుని రెండు రోజులు కొట్టుకున్నారు. నన్ను ఎవరూ పలకరించలేదు. పెళ్ళివారు దెబ్బలాడుకుంటుంటే పెళ్ళికూతురు మూల కూర్చున్నట్టు కూర్చున్నాను.

మూడో రోజు సాయంత్రం ఏడున్నర దాటాక ఒకరు జవాబు రాశారు. ఏ దేశమో, ఆడో మగో కూడా తెలియదు. రెండే వాక్యాలు. మొదటిది, 'రాత్రిపూట మీ మిషన్‌కి గోడ నుంచి కరెంటు పూర్తిగా ఆగిపోతుందా?' అని. ఆ ఒక్కటీ చదివి తల ఎత్తాను. ఎదురుగా తెల్ల చొక్కాలో చిన్నాన్న, చేతిలో అగ్గిపెట్టె, దీపం పెడుతున్నాడు.

రెండో వాక్యం చదవకుండానే లేచాను.

"సిన్నాన్నా, ఇన్నాళ్ళూ నా మిషన్ని సంపుతున్నది నువ్వా?"

ఆయన దీపం వెలిగించి, అగ్గిపుల్ల ఆర్పి, అప్పుడు చూశాడు. "నేనేటి సేసినాను?"

"రోజూ మెయిను కట్టేస్తన్నావు కదా. కరెంటు పోతే అది అన్నీ మర్సిపోతన్నాది."

"కరెంటు పోతే ఏదైనా ఆగుతాది. మర్సిపోడమేటి, మడిసా అది?"

అక్కడ ఆగి ఉండాల్సింది. గిరిసోల నుంచి వచ్చిన దర్జీ ఒకాయన లేసులు చూస్తున్నాడు. గుమాస్తా కిటికీలు వేస్తున్నాడు. వారం రోజులుగా వాళ్ళందరి ముందూ పోయిన పరువు ఒక్కసారి తిరిగి వచ్చే అవకాశం దొరికింది నాకు.

"ఎప్పుడో ఎవలిదో గొడౌను కాలిపోనాదని ఇప్పటికీ ఈ పూజ ఏటి సిన్నాన్నా? వైర్లన్నీ కొత్తవి ఏయించినాను. నువ్వు కట్టకపోతే ఏటీ అవదు. ఊరికే రోజూ ఎండనకా వాననకా వొచ్చి అందరి చేతా దండాలెట్టిస్తన్నావు."

దర్జీ చేతిలో లేసు కట్ట అలాగే ఉండిపోయింది.

"ఏటీ అవదా?" అన్నాడు చిన్నాన్న.

"ఏటీ అవదు."

"అయితే సరే." అగ్గిపెట్టె పటాల దగ్గర పెట్టాడు. కండువా భుజం మీద సర్దుకున్నాడు. మెట్లు దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన మెయిన్ కట్టకుండా వెళ్ళడం నేను పుట్టాక అదే మొదటిసారి.

దర్జీ ఏమీ కొనకుండా వెళ్ళాడు. "పెద్దాయన్ని అలాగ అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు గుమాస్తా. నీ రైలు వెళ్ళిపోతుంది, వెళ్ళు అన్నాను. ఆయన వెళ్ళాడు. మెయిన్ పైకే ఉంది. షట్టరు దించి తాళం వేశాను. గెలిచాను.

వీధి చివర మిఠాయి కొట్టు దాకా గెలుపు బాగానే ఉంది. అక్కడికి వచ్చేసరికి పైకి ఉన్న ఆ ఎర్ర పిడి గుర్తొచ్చింది. దాని పక్కనే నేను మొన్న దించిన నూలు దారం మూటలు గుర్తొచ్చాయి. వైర్లన్నీ కొత్తవి, ఏమీ కాదు, ఇప్పుడే కదా అందరి ముందూ చెప్పావు అని నాకు నేను చెప్పుకున్నాను.  మిఠాయి కొట్టు ఆయన ఏం కావాలని రెండుసార్లు అడిగాడు. వెనక్కి వెళ్ళాను. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, షట్టరు సగం ఎత్తి, నా దుకాణంలోకి నేనే దొంగలా దూరి, ఇన్వర్టర్ ఆపి, పిడి కిందికి లాగాను.

మర్నాడు గుమాస్తా రాకముందే వెళ్ళాను. జలపాతం. పన్నెండు పనులూ చేసే తీరిక లేదు, ఆయన వచ్చేస్తాడు. కంగారులో నేరుగా నీలం తెరలోకి వెళ్ళి కొత్త డిస్కుని మొదట పెట్టాను. లినక్సు లేచింది. నిన్న నేను తెరిచి ఉంచిన ముత్యాల లేసు బొమ్మతో సహా లేచింది. అంటే అది ఎక్కడికీ పోలేదు. మొదటి రోజు నుంచీ కొత్త డిస్కులోనే కూర్చుని ఉంది. మిషన్ దాని గుమ్మం తట్టడం మరిచిపోయింది, అంతే. దాన్ని నేను ప్రతిసారీ చెరిపేసి, మళ్ళీ ఎక్కించి, తిరిగొచ్చిందని సంబరపడ్డాను. నాకు నవ్వొచ్చింది, చెప్పుకోవడానికి ఎవరూ లేక ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

గుమాస్తా వచ్చి తెర చూశాడు. "సరిగ్గా వచ్చినాదా అమ్మా?"

"వచ్చింది. చూశావా, మెయిన్ కట్టకపోవడం వల్లే."

చెప్పేశాక ఇక వెనక్కి తీసుకోవడం ఎలా? ఆ సాయంత్రం కూడా ఆయన రైలుకి వెళ్ళాక వెనక్కి వచ్చి మెయిన్ కట్టాను. పొద్దున్నే ఆయన కన్నా ముందు వచ్చి నీలం తెర. ఐదు రోజులూ ఇదే భాగవతం. మెయిన్ కట్టకుండా ఉండలేను. కడుతున్నానని చెప్పలేను. కడుతున్నట్టు తెలిస్తే, మరి పెద్దాయన్ని ఎందుకన్నావు అంటారు. 

చిన్నాన్న రాలేదు. మూడో రోజు పిన్ని ఫోన్ చేసింది.

"మీ సిన్నాన్న ఏడింటికల్లా సొక్కా ఏసుకుని మంచం మీద కూకుంటన్నాడే. ఎల్లడు. ఆ సొక్కా ఇప్పమంటే ఇప్పడు. ఏటన్నావే ఆయన్ని?"

"ఏటీ అన్లేదు పిన్నీ."

"ఏటీ అనకపోతే ఏడింటికి సొక్కా ఎందుకేసుకుంటాడే?"

పౌరుషం అనుకున్నాను. మా ఇంటిపేరు గల వాళ్ళకి దానికేమీ తక్కువ లేదు. రెండు రోజుల్లో దిగి వస్తాడు, నేనెందుకు వెళ్ళాలి అనుకున్నాను. నాక్కూడా అదే ఇంటిపేరు.

ఐదో రోజు మధ్యాహ్నం బేరాలు లేక, నెట్‌లో ఆ కొట్లాట ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని వెళ్ళాను. వాళ్ళిద్దరూ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. వాళ్ళ మధ్య నలిగిపోయి ఆ రెండు వాక్యాల జవాబు ఉంది. రెండో వాక్యం అప్పుడు చదివాను. 'ఆగిపోతూ ఉంటే ఏం కాదు, లోపలి బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, అది అయిపోయి ఉంటుంది, మార్చండి.' కరెంటు లేనప్పుడు నీలం తెరలోని సంగతులు మరిచిపోకుండా కాపలా కాసేది ఆ బ్యాటరీ అట.

మిషన్ ఆపి, ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి ఆన్ చేశాను. కుయ్యిమంది. నల్ల తెర మీద ఇంగ్లీషు ముక్కల్ని మొట్టమొదటిసారి చదివాను. బ్యాటరీ అయిపోయింది, సెట్టింగులు పోయాయి, ముందుకెళ్ళడానికి ఎఫ్-వన్ నొక్కండి. కొన్నేళ్ళుగా ఆ మిషన్ ప్రతి పొద్దున్నా నాకు తన రోగం తనే రాసి చూపిస్తోంది. నేను ప్రతి పొద్దున్నా నోరు మూసుకోమని మీట నొక్కుతున్నాను. పాత సిస్టమ్ ఒక్కటే ఉన్నన్నాళ్ళు మరిచిపోవడానికి ఇంకో గుమ్మం లేదు కాబట్టి రోగం బయటపడలేదు.

సందు మొదట్లో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర ఆ బ్యాటరీ దొరికింది. పెట్టె విప్పి, దుమ్ము ఊది, గోళ్ళు తీసే కత్తెర మొనతో పాతది పెకలించి కొత్తది నొక్కాను. నీలం తెరలో కొత్త డిస్కుని ఆఖరిసారి మొదట పెట్టాను. తరవాత పట్టపగలు, అందరూ చూస్తుండగా, వెళ్ళి మెయిన్ కట్టాను. పంకాలు ఆగాయి. గుమాస్తా గుండెల మీద చెయ్యి వేసుకుని, "అమ్మా, పెద్దాయన లేకుండానా" అన్నాడు. పిడి మళ్ళీ పైకెత్తి మిషన్ ఆన్ చేశాను. కుయ్యిమనలేదు. నేరుగా లినక్సు వచ్చింది.

ఎగిరి గంతేయాల్సింది. స్టూలు మీద కూర్చుండిపోయాను.  ఒక బిళ్ళ, గోళ్ళ కత్తెర, పావుగంట పని. దీని కోసం డెబ్బై ఆరేళ్ళ మనిషిని పరాయి వాళ్ళ ముందు పట్టుకుని, నీ వల్ల ఉపయోగం లేదన్నాను. నాకు నా మీద రోత పుట్టింది. ఆ మాట ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు చేతకాదు.

దుకాణం గుమాస్తాకి అప్పగించి ఐదింటికి చిన్నాన్న ఇంటికి వెళ్ళాను. వీధి అరుగు మీద నులక మంచం. దాని మీద ఆయన, అప్పుడే తెల్ల చొక్కాతో. ఏడింటి దాకా కూడా ఆగలేదు ఆ రోజు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిన్ని గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి కూడా ఒలవడం ఆపలేదు.

"సిన్నాన్నా, మిషన్ బాగైపోనాది. దాని లోపల బ్యాటరీ పోనాదంట. మార్సినాను. నీ మెయిన్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. నాదే తప్పు."

"ఊఁ" అన్నాడు.

"రేపట్నించి రా."

"దేనికి?"

"మెయిను కట్టడానికి."

ఆయన మంచం పట్టె మీద గోటితో గీశాడు కాసేపు. "ఐదు రోజులు నేను రానేదు. ఏటైనా అయినాదా?"

"అవలేదు."

"నువ్వు సెప్పినట్టే ఏటీ అవనేదు కదా. ఇంకెందుకు రావడం?"

ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నాడు. యాభై ఏళ్ళకి పైగా చేసిన పని, చేయకపోయినా ఏమీ కాదని తేలిపోయిన మనిషి ఎలా అడుగుతాడో అలా అడిగాడు. నేను రెండు రకాల అబద్ధాలు ఆలోచించాను. రెండూ నోటి దాకా వచ్చి ఆగిపోయాయి.

"నేనే కట్టేసినాను సిన్నాన్నా."

"ఏటి?"

"మెయిను. రోజూ. గుమాస్తా ఎల్లిపోయినాక మళ్ళీ ఎనక్కొచ్చి కట్టేసినాను. మొదటి రోజు మిఠాయి కొట్టు దాకా ఎల్లగలిగినాను. అక్కడ్నించి ఇంక ఎల్లనేకపోయాను."

పిన్ని చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"కడితే మిషను మర్సిపోతాదన్నావు?"

"మర్సిపోయింది. రోజూ. పొద్దున్నే ముందు ఎల్లి సరి సేసుకున్నాను."

"ఐదు రోజులూ కట్టినావా? ఒక్క రోజూ ఇడవనేదు కదా?"

"ఒక్క రోజూ ఇడవనేదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన పెద్ద ఊపిరి ఒకటి వదిలి, చొక్కా పై బొత్తాం విప్పాడు.

"ఆ మాట ఆ మర్నాడే సెప్పుంటే పడుకుని ఉందును కదే గుంటా. కట్టనేదు, కట్టనేదు అని ఐదు రాత్రులూ ఆ ఈధి ఏపే సూసుకుంటా కూకున్నాను."

 నేను పౌరుషం అనుకున్నది పౌరుషం కాదు. ఆయనకి నా మాటలు తగిలాయో లేదో కూడా నాకు తెలియదు. ఆయన ఐదు రాత్రులూ మా దుకాణానికి కాపలా కాశాడు, ఇక్కడ ఈ మంచం మీద కూర్చుని. ఒక్క ఫోన్ చేసి కట్టేశానని చెప్తే పోయేది. చెప్తే నేను ఓడిపోతానని చెప్పలేదు. అరుగు మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. పిన్ని చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపింది, నా కన్నీళ్ళు అందులో పడకుండా.

కాసేపటికి చిన్నాన్న, "ఆరవుతున్నట్టుంది, ఎల్లు. బేరాలుంటాయి" అన్నాడు.

"నువ్వు రావా?"

"ఇవాళ నువ్వే కట్టీ. దీపం మర్సిపోకు."

చొక్కా విప్పి పిన్ని చేతికిచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను చెప్పులేసుకునేలోపే గురక మొదలైంది. పిన్ని ఆ చొక్కా మడత పెడుతూ, మెల్లిగా మాట్లాడమని నాకు సైగ చేసింది. నేను అసలేమీ మాట్లాడటం లేదు.